ఎమ్మెస్ అయ్యాక ఉండాలా, ఇంటికి రావాలా? నిర్ణయం నుంచి విమానం దిగేదాకా ఒక్కో మెట్టూ

"అన్నా, ఓపీటీ ఇంకో నాలుగు నెలలే ఉంది. వచ్చేయనా?"

నెలకు కనీసం ఇద్దరైనా ఇలా మెసేజ్ పెడతారు. ఓపీటీ అంటే అమెరికాలో చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి. డాలస్‌లో చదివి, అక్కడే కొన్నేళ్లు పనిచేసి, హైదరాబాద్ వచ్చేసిన వాణ్ని కాబట్టి నన్ను అడుగుతారు. ఎవరికీ "వచ్చేయ్" అనో "ఉండిపో" అనో చెప్పలేదు, ఇక్కడా చెప్పను. వాళ్లచేత చేయించే లెక్కల్ని మాత్రం వరుసగా రాస్తున్నాను.

ఇది అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివిన వాళ్లకు, అందులోనూ సాఫ్ట్‌వేర్, డేటా, ఎలక్ట్రానిక్స్ వైపు వాళ్లకు బాగా సరిపోతుంది. జర్మనీలో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. కెనడాలో వర్క్ పర్మిట్ కోర్సును బట్టి మూడేళ్ల దాకా ఉంటుంది. అక్కడి వాళ్లు తేదీలు మార్చుకుంటే చాలు, పద్ధతి ఒక్కటే. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివిన వాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఇక్కడ డాక్టరీ చేయడానికి ఎఫ్ఎంజీఈ అర్హత పరీక్ష, ఇంటర్న్‌షిప్ ఉంటాయి, ఈ లెక్కలు పనికిరావు.

1. ముందు తేదీలు రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి, ఫోన్ వద్దు. దాని మీద ఈ తేదీలు రాయండి.

☐ ఈఏడీ కార్డు (పని చేసుకునే అనుమతి కార్డు) మీద మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ
☐ ఇప్పటిదాకా ఉద్యోగం లేకుండా గడిచిన రోజులు
☐ స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కు (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం డిగ్రీల వాళ్లకు వచ్చే ఓపీటీ పొడిగింపు) అప్లై చేయాల్సిన ఆఖరి తేదీ
☐ లాటరీలో ఇచ్చే ఉద్యోగ వీసా హెచ్-1బికి మీకు మిగిలిన మార్చి రిజిస్ట్రేషన్లు ఎన్ని
☐ పాస్‌పోర్ట్ గడువు
☐ ఇంటి లీజు ముగిసే తేదీ
☐ లోన్ ఈఎంఐ మొదలయ్యే నెల

ఓపీటీ 12 నెలలు. స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు, కానీ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. స్టెమ్‌లోకి వెళ్తే ఇంకో 60 కలిసి 150 అవుతాయి. మొదటి ఉద్యోగం వచ్చాకే ఈ రోజులు లెక్కలోకి వస్తాయని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కార్డు మీద ఉన్న మొదటి తేదీ నుంచే లెక్క నడుస్తుంది.

ఓపీటీ అయ్యాక వచ్చే 60 రోజుల గ్రేస్ సామాన్లు సర్దుకోవడానికి, మరో కోర్సులోకి మారడానికి. ఆ రోజుల్లో పని చేయకూడదు.

హెచ్-1బి కోటా ఏడాదికి 85,000. అందులో 20,000 అమెరికా మాస్టర్స్ వాళ్లకు. 2026 మార్చి నుంచి లాటరీలో అందరి చీటీలూ సమానం కావు. జీతం స్థాయి ఎక్కువ ఉన్నవాళ్లకు ఎక్కువ అవకాశం. అంటే కొత్తగా చేరి, మొదటి స్థాయి జీతం మీద ఉన్నవాళ్లకు పాత సీనియర్లు చెప్పే "మూడు ఛాన్సుల్లో ఒకటి తగులుతుందిలే" అన్న మాట మునుపటంత గట్టిది కాదు. మీ ఉద్యోగం ఏ స్థాయిలోకి వస్తుందో కంపెనీ లాయర్‌ను అడిగి, జవాబు ఆ కాగితం మీదే రాయండి.

లాటరీ తగిలినా గ్రీన్ కార్డు క్యూ వేరే ఉంది. భారత్‌లో పుట్టిన వాళ్లకు ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ కేటగిరీల్లో పదేళ్లకు పైగా వెనకబడిన తేదీలు నడుస్తున్నాయి. 24 ఏళ్ల వయసులో అది పెద్ద విషయం అనిపించదు. ఆరేళ్ల తర్వాత కొడుకునో కూతురినో స్కూల్లో వేశాక తెలుస్తుంది.

2. మీరు పోలుస్తున్నది ఏ అమెరికాతో?

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే, అందుకే కాస్త ఆగుతాను.

హైదరాబాద్ జీతాన్ని మనం పోల్చేది మన అమెరికాతో కాదు. బావ అమెరికాతో. 2012లో వెళ్లి, ఇల్లు కొని, వాకిట్లో రెండు కార్లు పెట్టుకున్న బావతో. మీ ముందున్న అమెరికా వేరు. మీకు అక్కడ ఉద్యోగం ఉందా లేదా అన్నదాన్ని బట్టి మీవి రెండు లెక్కలు.

తేలిక కోసం డాలర్‌ను 90 రూపాయలు అనుకుందాం. బ్యాంకు లోన్ 40 లక్షలు, వడ్డీ 11 శాతం, పదేళ్లు. ఈఎంఐ దాదాపు 55,100 రూపాయలు. 15 ఏళ్లకు సాగదీస్తే దాదాపు 45,500.

ఉద్యోగం ఉన్న అమెరికా: డాలస్‌లో ఏడాదికి 90,000 డాలర్లు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఓపీటీ మీద ఉన్నంతకాలం సాధారణంగా సోషల్ సెక్యూరిటీ కోత కూడా ఉండదు. ఫెడరల్ పన్ను, ఇన్సూరెన్స్ పోయాక చేతికి నెలకు 6,400 డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. రూమ్‌మేట్స్‌తో ఉండి, ఒక పాత కారు నడుపుకుంటే 3,000 డాలర్లు మిగులుతాయి. అంటే 2 లక్షల 70 వేలు. ఒళ్లు దగ్గర పెట్టుకుంటే ఏడాదిన్నరలో లోన్ తీరిపోతుంది.

ఉద్యోగం లేని అమెరికా: గది అద్దె, తిండి, ఫోన్, ఇన్సూరెన్స్ కలిపి ఎంత తగ్గించినా నెలకు 1,300 డాలర్లు. 1 లక్ష 17 వేలు. ఇది ఇంటి నుంచి వస్తుంది. దీనికి తోడు మారటోరియంలో (ఈఎంఐ ఇంకా మొదలవని గడువులో) ఉన్నా 40 లక్షల మీద నెలకు 36,600 రూపాయల పైగా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. రెండూ కలిస్తే నెలకు లక్షన్నర నష్టం.

హైదరాబాద్: సీటీసీ (కంపెనీ చెప్పే ఏడాది మొత్తం అంకె) 24 లక్షలు. చేతికి వచ్చేది దాదాపు 1 లక్ష 40 వేలు (ఎలాగో 5వ మెట్టులో చూపిస్తాను). ఈఎంఐ పోగా 85 వేలు. ఇల్లు హైదరాబాద్‌లోనే ఉంటే 45 వేలు మిగులుతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అద్దెకు ఉంటే ఆ మిగులులో ఎక్కువ భాగం అద్దెకే పోతుంది.

మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మంచి ఉద్యోగం ఉంటే అమెరికాలో ఉండటమే డబ్బు లెక్కలో మేలు, దాన్ని దాచాల్సిన పని లేదు. ఉద్యోగం లేకుండా ఆరు నెలలు "చూద్దాం" అని కూర్చుంటే తొమ్మిది లక్షలు కరిగిపోతాయి. ఆ తొమ్మిది లక్షలు ఎవరివో మీకు తెలుసు.

పై అంకెలు నావి. మీ అద్దె, మీ వడ్డీ, మీ ఊరు పెట్టి మళ్లీ వేసుకోండి.

3. లోన్ కాగితాలు బయటకు తీయండి

నిర్ణయం తర్వాత కాదు, ముందే. నాన్నకు ఫోన్ చేసి శాంక్షన్ లెటర్ ఫోటో పంపమనండి.

☐ ఇప్పటి బకాయి ఎంత, అందులో కలిసిన వడ్డీ ఎంత
☐ వడ్డీ రేటు మారేదా, స్థిరమా
☐ మారటోరియం ఎప్పుడు ముగుస్తుంది
☐ తాకట్టు ఏమిటి: ఇల్లా, పొలమా, ప్లాటా
☐ కో-అప్లికెంట్ ఎవరు, ఆయన రిటైర్మెంట్ ఎప్పుడు
☐ కాలపరిమితి పెంచుకునే వీలుందా

ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ దగ్గర తీసుకున్న లోన్ అయితే, ఇండియాలో జీతం మొదలయ్యాక తక్కువ వడ్డీ ఉన్న బ్యాంకుకు మార్చుకోవచ్చు. 40 లక్షల మీద ఒక్క శాతం తగ్గినా నెలకు రెండు వేలకు పైగా తగ్గుతుంది.

విద్యా రుణం వడ్డీ మీద వచ్చే పన్ను మినహాయింపు, అందరూ 80ఇ అని పిలిచేది, పాత పన్ను విధానం ఎంచుకున్న వాళ్లకే. కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి 8 ఏళ్ల దాకా ఉంటుంది. మీ వడ్డీ పెద్దదైతే పాత, కొత్త విధానాలు రెండిటితోనూ లెక్క వేయించాకే కంపెనీకి మీ ఎంపిక చెప్పండి.

4. అక్కడ ఉండగానే ఇక్కడి మార్కెట్‌ను పరీక్షించండి

చేతిలో ఆఫర్ లేకుండా విమానం ఎక్కడం ఆఖరి మార్గం. ఇండియాలో దిగాక వెతుక్కుంటానంటే, మొదటి రెండు వారాలు చుట్టాలకూ, తర్వాతి రెండు వారాలు నిద్రకూ పోతాయి.

ఎనిమిది వారాలు పెట్టుకోండి.

మొదటి వారం రెజ్యూమె మార్చండి. వీసా స్థితి తీసేసి, పైన "హైదరాబాద్‌కు మారుతున్నాను, ఫలానా నెలలో చేరగలను" అని రాయండి. ఇండియాలో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 60 నుంచి 90 రోజులు. మీరు 30 రోజుల్లో చేరగలగడం పెద్ద బలం. దాన్ని రెజ్యూమె అడుగున దాచకండి.

రెండో వారం నుంచి రిఫరల్స్. నౌకరీలో ప్రొఫైల్ పెట్టి, ప్రతి సోమవారం ఏదో ఒక మాట మార్చి సేవ్ చేయండి. కొత్తగా అప్‌డేట్ అయిన ప్రొఫైల్స్ రిక్రూటర్లకు ముందు కనిపిస్తాయి. అయినా అసలు పని చేసేది మీ బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్. నాలుగేళ్లు మ్యూట్‌లో పెట్టిన ఆ గ్రూప్‌లోనే సగంమంది ఇప్పుడు మాదాపూర్, నానక్‌రాంగూడల్లో టీమ్ లీడ్లు.

కంపెనీలను మూడు కుప్పలుగా విడదీయండి. విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు, అంటే జీసీసీలు, మొదటి కుప్ప. అమెరికా అనుభవానికి కాస్త విలువ ఇచ్చేది వీళ్లే, రాత్రి కాల్స్ కూడా వీళ్ల దగ్గరే. ప్రొడక్ట్ కంపెనీలు, స్టార్టప్‌లు రెండో కుప్ప. ఇంటర్వ్యూలు కఠినం, జీతం మెరుగు. సర్వీసెస్ కంపెనీలు మూడోది. వీళ్లు మీ ఎమ్మెస్‌ను అనుభవంగా లెక్కపెట్టకపోవచ్చు. ఆ మాట మొదటి కాల్‌లోనే అడగండి.

ఇంటర్వ్యూ సమయాలు: హైదరాబాద్‌లో ఉదయం 10 అయితే, వేసవి సమయంలో డాలస్‌లో ముందురోజు రాత్రి 11:30. ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ ఉదయం 9:30. సాయంత్రం స్లాట్లే అడగండి. అర్ధరాత్రి సిస్టమ్ డిజైన్ రౌండ్ చేసి ఫెయిలైన వాళ్లలో నేనూ ఒకణ్ని.

"ఎందుకు తిరిగి వస్తున్నారు?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. రెండు వాక్యాల్లో నిజం చెప్పండి: వీసా అవకాశం తక్కువ, ఇక్కడే స్థిరపడాలనుకుంటున్నాను, ఫలానా తేదీకి వస్తున్నాను. దేశభక్తి ఉపన్యాసం అక్కర్లేదు. "పరిస్థితి చూసి మళ్లీ వెళ్తానేమో" అన్న మాట మాత్రం నోటి నుంచి రానీయకండి.

పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేసిన వాళ్లకు దారి వేరు. రామానుజన్ ఫెలోషిప్, బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్, ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ పథకం చూడండి. వీటికి వయసు పరిమితులు ఉంటాయి, ఎంపికకు నెలలు పడుతుంది. ఏడాది ముందే మొదలుపెట్టాలి.

5. ఆఫర్ లెటర్‌ను విప్పి చూడండి

అమెరికాలో ఆఫర్ అంటే ఒక అంకె. ఇక్కడ సీటీసీ అంటే మిక్స్‌డ్ పచ్చడి, లోపల ఏముందో వేరు చేసి చూడాలి. 24 లక్షల ఆఫర్‌ను ఉదాహరణగా విప్పుదాం.

- వేరియబుల్ పే 10 శాతం: 2 లక్షల 40 వేలు. ఏడాది చివర, రేటింగ్‌ను బట్టి.
- కంపెనీ వైపు పీఎఫ్: బేసిక్‌లో 12 శాతం. సుమారు 1 లక్ష 20 వేలు.
- గ్రాట్యుటీ: సుమారు 50 వేలు.
- ఇవి తీసేస్తే నెల జీతాల మొత్తం ఏడాదికి 19 లక్షల 90 వేలు.
- మీ వైపు పీఎఫ్: ఇంకో 1 లక్ష 20 వేలు కోత.
- కొత్త పన్ను విధానంలో, 2025-26 స్లాబుల ప్రకారం, పన్ను, సెస్ కలిపి సుమారు 1 లక్ష 90 వేలు.
- చేతికి: ఏడాదికి 16 లక్షల 80 వేల లోపు. నెలకు 1 లక్ష 40 వేలు.

నా మొదటి ఆఫర్‌లో జాయినింగ్ బోనస్‌నూ, స్టాక్ మొత్తాన్నీ సీటీసీలో కలిపి చూపించారు. నేను ఆ అంకెను 12తో భాగించి ఇంట్లో చెప్పేశాను. మొదటి నెల పే స్లిప్ చూసి నాన్న, "మిగతాది ఎప్పుడు వేస్తారు?" అని అడిగారు.

సంతకానికి ముందు హెచ్ఆర్‌ను అడగాల్సినవి:

☐ నెలకు చేతికి వచ్చేది ఎంతో లెక్క కట్టిన షీట్
☐ వేరియబుల్ గత ఏడాది సగటున ఎంత శాతం ఇచ్చారు
☐ జాయినింగ్ బోనస్ ఎన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలి
☐ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలకు చోటుందా
☐ నోటీస్ పీరియడ్
☐ ఆఫీసుకు వారానికి ఎన్ని రోజులు, కాల్స్ ఏ వేళల్లో

డాలర్ జీతాన్ని రూపాయల్లోకి మార్చి "నాకు ఇంత వస్తోంది" అని బేరం చేయకండి. అవతలి వాళ్లు నవ్వి ఊరుకుంటారు. అనుభవం సంవత్సరాలకు ఇక్కడ నడిచే రేటు ఎంతో ఇద్దరు ముగ్గురిని అడిగి, దాని పై అంచు దగ్గర మొదలుపెట్టండి.

6. ఇంట్లో చెప్పడం

అంకెలు సిద్ధమయ్యాకే చెప్పండి. "ఆలోచిస్తున్నా" అని ఊరికే ఒక మాట వదిలితే, సాయంత్రానికల్లా అది పెద్దమ్మ దగ్గరికి "ఉద్యోగం పోయిందట" అని చేరుతుంది.

మొదట నాన్నతోనో, లోన్ మీద సంతకం ఉన్న వాళ్లతోనో విడిగా మాట్లాడండి. వాళ్ల భయం మీ కెరీర్ గురించి కాదు, తాకట్టులో ఉన్న ఇంటి గురించి. "నాన్నా, ఈఎంఐ 55 వేలు, నా జీతం నుంచే వెళ్తుంది, ఫలానా నెల నుంచి" అంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ మాట మీద నిలబడగలిగినప్పుడే అనండి.

పెళ్లి సంబంధాలు నడుస్తున్నాయా? అయితే అవతలి వాళ్లకు ముందే చెప్పించండి. అమెరికా సంబంధం అనుకుని ఒప్పుకున్న వాళ్లకు నిశ్చితార్థం అయ్యాక చెప్పడం అన్యాయం. చెప్పాక తప్పుకునే వాళ్లు తప్పుకుంటారు, అదీ మంచిదే.

చుట్టాలకు ఒకే వాక్యం చాలు: "హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చేస్తున్నా." వివరణ మొదలుపెడితే ప్రశ్నలు ఆగవు.

7. గీత గీయండి

మొదటి మెట్టులోని కాగితం మళ్లీ తీయండి. ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఒక తేదీనీ ఒక అంకెనూ దాని మీద రాయండి. ఉదాహరణకు:

- ఉద్యోగం లేని రోజులు 60 దాటితే ఇండియా అప్లికేషన్లు మొదలు.
- 80 దాటితే టికెట్ బుక్.
- ఇంటి నుంచి తెప్పించుకున్న డబ్బు 4 లక్షలు దాటితే వెనక్కి.
- ఉద్యోగం ఉంటే: ఆఖరి లాటరీ కూడా తగలకపోతే, ఓపీటీ ముగియడానికి నాలుగు నెలల ముందు ఇండియా ఇంటర్వ్యూలు మొదలు. అమెరికా ఆఫీసు ఉన్న కంపెనీ అయితే ఇండియా టీమ్‌కు బదిలీ అడగడం అన్నిటికంటే ముందు.

ఆ కాగితాన్ని ఒక స్నేహితుడికి ఫోటో తీసి పంపండి. గీత దగ్గరికి వచ్చాక దాన్ని జరపాలనిపిస్తుంది. అప్పుడు వాడు గుర్తు చేయాలి.

గీత దగ్గర నిలబడ్డప్పుడే రెండు ఫోన్లు వస్తాయి. ఒకటి: "నాలుగేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమె తయారు చేస్తాం, ప్రాక్సీ ఇంటర్వ్యూ ఇప్పిస్తాం" అనే కన్సల్టెన్సీ. రెండు: చేరిన రోజు నుంచే సీపీటీ (చదువుతూనే పని చేసుకునే అనుమతి) ఇస్తామనే కాలేజీ. మొదటిది మోసం. అది బయటపడితే అమెరికా వీసా దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు, ఇండియాలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కూడా దొరికిపోతారు. రెండోదాని వల్ల తర్వాత హెచ్-1బి దరఖాస్తులో చిక్కు ప్రశ్నలు వచ్చే అవకాశం ఉంది. మరో రెండు సెమిస్టర్ల ఫీజు కడితే లోన్ ఎంతవుతుందో రెండో మెట్టు లెక్కలో పెట్టి చూడండి, చాలు.

8. బయలుదేరే ముందు

నిర్ణయం అయిపోయింది అనుకుందాం. టికెట్ తేదీకి ఆరు వారాల ముందు నుంచి:

☐ యూనివర్సిటీ నుంచి సీల్ చేసిన ట్రాన్స్‌క్రిప్ట్స్ కనీసం మూడు సెట్లు, డిగ్రీ సర్టిఫికెట్ అసలు ప్రతి
☐ పనిచేసిన ప్రతి కంపెనీ నుంచి తేదీలు, హోదా ఉన్న అనుభవ పత్రం
☐ అన్ని ఐ-20లు (కాలేజీ ఇచ్చే విద్యార్థి పత్రాలు), ఈఏడీ, ఐ-797 (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే నోటీసు), డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను పత్రాలు), పే స్లిప్‌లు స్కాన్ చేసి రెండు చోట్ల దాచడం
☐ డీఎస్ఓకు (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) వెళ్లే తేదీ చెప్పడం
☐ లీజు నోటీసు. చాలాచోట్ల 60 రోజులు ముందు ఇవ్వాలి కాబట్టి ఇదొక్కటీ ఆరు వారాల కంటే ముందే
☐ కారు అమ్మకం, నంబర్ ప్లేట్లు, ఇన్సూరెన్స్ రద్దు
☐ పన్ను రిటర్న్‌కు కావాల్సిన వివరాలు, ఇండియా చిరునామా కంపెనీకి ఇవ్వడం
☐ ఒక అమెరికా బ్యాంకు ఖాతా తెరిచే ఉంచడం. రీఫండ్, డిపాజిట్ దానిలోకే వస్తాయి
☐ ఫోన్ నంబర్‌ను తక్కువ ఖర్చు ప్లాన్‌కు గానీ, గూగుల్ వాయిస్‌కు గానీ మార్చడం

చివరిది అన్నిటికంటే చిన్న పని. మర్చిపోతే అన్నిటికంటే పెద్ద చికాకు. నేను విమానాశ్రయానికి వెళ్లే దారిలో లైన్ రద్దు చేయించాను. మరుసటి నెల 401(కె), అంటే అక్కడి కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ పొదుపు ఖాతా, తెరవబోతే ఓటీపీ ఆ నంబర్‌కే వెళ్లింది. ఆ ఖాతా మళ్లీ నా చేతికి రావడానికి ఐదు నెలలు, లెక్కలేనన్ని అర్ధరాత్రి ఫోన్లు పట్టాయి.

401(కె)లో డబ్బు ఉంటే తొందరపడి తీయకండి. 59½ ఏళ్ల లోపు తీస్తే పన్నుకు తోడు సాధారణంగా 10 శాతం అదనపు పన్ను పడుతుంది. 7,000 డాలర్ల కంటే ఎక్కువ ఉంటే అక్కడే ఉంచేయవచ్చు.

సామాన్లలో మిక్సీ, హెయిర్ డ్రయ్యర్, రైస్ కుక్కర్ తేవద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అమ్మ కోసం అభిమానంగా తెచ్చిన మిక్సీ మొదటిరోజే మా వంటింట్లో పొగ చిమ్మింది.

9. దిగాక మొదటి 90 రోజులు

ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలు (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చేవి) ఉంటే, తిరిగి వచ్చేశానని బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాలుగా మార్పించండి. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలనుకుంటే ఆర్ఎఫ్‌సీ ఖాతా అడగండి. ఆధార్‌లో ఫోన్ నంబర్ పనిచేస్తోందా, పాన్‌తో లింక్ అయిందా అన్నది జీతం పడకముందే చూసుకోండి.

ఆదాయపు పన్నులో మీరు ఆ ఏడాది రెసిడెంటా కాదా అన్నది ఇండియాలో ఉన్న రోజుల్ని బట్టి తేలుతుంది. 182 రోజులు గానీ ఆపైన గానీ ఉంటే రెసిడెంట్. గత నాలుగేళ్లలో ఇండియాలో 365 రోజులు గానీ ఆపైన గానీ గడిపిన వాళ్లకు 60 రోజులు చాలు. విదేశీ ఆదాయానికి కొంత వెసులుబాటు ఇచ్చే ఆర్ఎన్ఓఆర్ హోదా గురించి వీడియోల్లో చూసి ఆశపడకండి. అది చాలా ఏళ్లు బయట ఉన్నవాళ్లకు. రెండేళ్లు చదివి, రెండు మూడేళ్లు పనిచేసి వచ్చినవాళ్లకు సాధారణంగా వర్తించదు.

పూర్తి రెసిడెంట్ అయ్యాక అక్కడి బ్యాంకు ఖాతా, షేర్లు, 401(కె) అన్నీ ఇక్కడి రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా నిబంధన ఉంది. చిన్న మొత్తాలకు మినహాయింపు ఉన్నా, చూపించేయడమే సుఖం. మొదటి ఏడాది మాత్రం రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌కు ఫీజు ఇవ్వండి.

ప్రైవేటు ఉద్యోగానికి డిగ్రీ గుర్తింపు ఎవరూ అడగరు. ప్రభుత్వ ఉద్యోగం, యూనివర్సిటీ అధ్యాపక పోస్టు, ఇక్కడ పీహెచ్‌డీ చేయాలనుకుంటే తుల్యతా ధ్రువపత్రం కావాలి. 2025లో యూజీసీ దీనికి కొత్త నిబంధనలు తెచ్చింది. ట్రాన్స్‌క్రిప్ట్స్ తెచ్చుకోమన్నది ఇందుకే.

ఇల్లు, కారు మొదటి ఆరు నెలలు కొనకండి. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, ఇల్లు ఉప్పల్‌లో అయితే రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే. ముందు అద్దెకు ఉండి చూడండి.

10. చిక్కుకుంటే ఎలా బయటపడాలి

*ఆఫర్ లేకుండానే వచ్చేశాను.* రెండు వారాలు విశ్రాంతి, తర్వాత నాలుగో మెట్టు మొదటి నుంచి. రెజ్యూమెలో "వెంటనే చేరగలను" అని పైన పెట్టండి. మూడు నెలలు దాటితే జీతం అంచనా తగ్గించుకోండి, పని నాణ్యతను మాత్రం తగ్గించుకోకండి. ఏడాదిలో మారవచ్చు.

*ఈఎంఐ మొదలైంది, జీతం మొదలవలేదు.* ఒక్క వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లి కాలపరిమితి పెంచమని రాతపూర్వకంగా అడగండి. మూడు తప్పాక వెళ్తే మీ సిబిల్, నాన్న సిబిల్ రెండూ దెబ్బతింటాయి.

*చేరిన కంపెనీ మాట తప్పింది.* నాకు తెలిసిన ఒకతనికి హైదరాబాద్ అని చెప్పి, చేరే వారం ముందు వేరే ఊరు అన్నారు. ఆఫర్ లెటర్‌లో ఊరి పేరు లేదు. రెండో ఆఫర్ వదులుకోలేదు కాబట్టి బతికిపోయాడు. చేరేదాకా ఇంకో సంభాషణ బతికించి ఉంచండి.

*వచ్చి ఆరు నెలలు, తప్పు చేశాననిపిస్తోంది.* ఆ కోపం దేని మీదో రాసి చూడండి: ట్రాఫిక్ మీదా, మేనేజర్ మీదా, ఇంట్లో ఏకాంతం లేకపోవడం మీదా? మేనేజర్ అయితే ఉద్యోగం మారండి. ఏకాంతమే అయితే పది నిమిషాల దూరంలో విడిగా అద్దెకు ఉండండి, ఆదివారం భోజనానికి వెళ్లండి. అమ్మ మొదట బాధపడుతుంది, రెండో నెలకు డబ్బాల్లో కూరలు సర్ది ఇస్తుంది.

11. మళ్లీ వెళ్లే దారి

రాగానే తలుపు పూర్తిగా మూసుకుపోదు. ఒకసారి హెచ్-1బి లాటరీలో ఎంపికై, దాని మీద పనిచేసి వచ్చినవాళ్లకు ఆరేళ్లలో మిగిలిన కాలం ఉంటుంది. దాన్ని మళ్లీ లాటరీ లేకుండా వాడుకోవచ్చు. కానీ 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్న వ్యక్తి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలనే ఆదేశం వచ్చింది. మొదట 12 నెలలకని తెచ్చారు. మీరు ప్రయత్నించే నాటికి అది ఎలా ఉందో లాయర్‌ను అడిగాకే ఆశలు పెట్టుకోండి.

రెండో దారి ఎల్-1. విదేశీ కంపెనీ ఇండియా శాఖలో కనీసం ఏడాది పనిచేస్తే అదే కంపెనీ మిమ్మల్ని అమెరికాకు బదిలీ చేయవచ్చు. దీనికి లాటరీ లేదు. ఆ ఉద్దేశం ఉంటే నాలుగో మెట్టులో మొదటి కుప్పలోని కంపెనీలనే ఎంచుకోండి, చేరే ముందు గత రెండేళ్లలో ఆ టీమ్ నుంచి ఎంతమంది వెళ్లారో అక్కడ పనిచేసేవాళ్లనే అడగండి. హెచ్ఆర్‌ను కాదు.

ఏ దారిలో వెళ్లినా పాత ఐ-797, ఐ-20లు, ఓపీటీ కాలం పే స్లిప్‌లు అడుగుతారు. స్కాన్ ఉంది కదా అని అసలు కాగితాలు పారేయకండి. నావి అమ్మ బీరువాలో, ఇంటి పత్రాల పక్కనే ఉన్నాయి.